ముందు గూడెం రన్‌వే, తర్వాత బీచ్‌రోడ్డు విమానం: గోదావరి వాళ్ల కోసం రెండు రోజుల యాత్ర

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జి దగ్గర డక్స్‌ఫర్డ్ అని ఒక ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డ్ అది. 1938లో స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు మొట్టమొదట చేరిన స్క్వాడ్రన్ ఉండేది అక్కడే. 1940లో జర్మన్ విమానాలను ఎదుర్కోవడానికి పైలట్లు లేచిందీ అక్కణ్నుంచే. ఇప్పుడది పెద్ద మ్యూజియం. అక్కడికి వెళ్లినవాళ్లకు ఉన్న సుఖం ఏమిటంటే విమానమూ, అది లేచిన నేలా ఒకేచోట కనిపిస్తాయి.

మన గోదావరి జిల్లాల్లో అలాంటిది లేదు. కానీ రెండూ విడివిడిగా ఉన్నాయి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది, విమానం లేదు. విశాఖ బీచ్‌రోడ్డులో విమానం ఉంది, రన్‌వే లేదు. మనవాళ్లలో చాలామంది రెండో సగం మాత్రమే చూస్తారు. టీయూ-142 అనే ఆ నేవీ గస్తీ విమానం ముందు నిలబడి ఒక ఫొటో, లోపల ఒక చుట్టు, ఇరవై నిమిషాల్లో బయటికొచ్చి ముంత మసాలా బండి దగ్గర తేలతారు. అంత డబ్బు పెట్టి రైలెక్కి వెళ్లి ఇరవై నిమిషాలా?

ముందు గూడెంలో నేల చూడండి, తర్వాత విశాఖలో విమానం చూడండి. ఈ వరసలో వెళ్తే అదే మ్యూజియంలో రెండు గంటలు చాలవు. ఎలాగో చెబుతాను.

బయలుదేరేముందు: 1942 ఏప్రిల్ గురించి కాస్త

ఇది తెలియకుండా వెళ్తే గూడెంలో కనిపించేది ఖాళీ స్థలమే. అందుకే దీనికో సాయంత్రం కేటాయించండి, పిల్లలుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.

1941 డిసెంబర్‌లో జపాన్ యుద్ధంలోకి దిగింది. అదే నెల 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమైంది. ఇది మనకు దూరపు వార్త కాదు. కాకినాడ, కోరంగి రేవుల నుంచి తరతరాలుగా మనవాళ్లు బర్మాకు కూలికీ వ్యాపారానికీ వెళ్లారు. రంగం (మనవాళ్లు రంగూన్‌ను అలాగే అనేవారు) వెళ్లొచ్చిన తాతో ముత్తాతో లేని ఊరు తీరం వెంట తక్కువ.

ఏప్రిల్ మొదట్లో జపాన్ నౌకాదళం రెండు పాయలుగా ఇటు వచ్చింది. అడ్మిరల్ నగుమో నడిపిన పెద్ద దళం సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వైపు వెళ్లింది. ఏప్రిల్ 4న లియొనార్డ్ బిర్చల్ అనే కెనడా పైలట్ కాటలీనా అనే గస్తీ విమానంలో సముద్రం మీద తిరుగుతూ ఆ దళాన్ని చూశాడు. వైర్‌లెస్‌లో కబురు పంపుతుండగానే అతని విమానాన్ని కూల్చేశారు, అతను ఖైదీగా దొరికిపోయాడు. కబురు మాత్రం చేరింది. మర్నాడు కొలంబో మీద దాడి జరిగేసరికి అక్కడివాళ్లకు కొంత వ్యవధి దొరికింది.

రెండో పాయ అడ్మిరల్ ఒజావా నడిపిన దళం. అది బంగాళాఖాతంలోకి వచ్చి మన తూర్పు తీరం వెంట సరుకు ఓడల్ని వేటాడింది. కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా ఓడలు మునిగాయి. ఆ దళంలోని ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలే ఏప్రిల్ 6న కాకినాడ మీదా, విశాఖ మీదా బాంబులు వేశాయి. అప్పట్లో బంగాళాఖాతం మీద గస్తీ తిరగగల విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. సముద్రం మీద ముందుగా చూసి చెప్పే కన్ను కరవైన తీరం మనది. విశాఖలో మీరు ఎక్కబోయే విమానం చేసిన ఉద్యోగమల్లా ఆ కన్నుగా ఉండటమే.

ఆ దెబ్బతో దేశమంతటా ఎయిర్‌ఫీల్డులు కట్టే పని హడావిడిగా మొదలైంది. రెండు వందలకు పైగా కట్టారు. మ్యాపు తీసి మన వైపు ఉన్నవి గుర్తు పెట్టండి: గన్నవరం, తాడేపల్లిగూడెం, రాజమండ్రి దగ్గర మధురపూడి, విశాఖ. అన్నీ మద్రాసు–కలకత్తా రైలు మార్గానికి దగ్గర్లోనే ఉంటాయి. పెట్రోలు, బాంబులు, సిమెంటు, మనుషులు అన్నీ రైల్లోనే రావాలి కాబట్టి అంతకంటే వేరే దారి లేదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే

1942లో పదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి. అలాంటి వాళ్లెవరైనా మీ ఇంట్లోనో వీధిలోనో ఉంటే గూడెం కంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. "యుద్ధం గురించి చెప్పండి తాతయ్యా" అని అడిగితే "ఏముందిరా, యుద్ధం యుద్ధమే" అనేసి ఊరుకుంటారు. అడగాల్సినవి చిన్న ప్రశ్నలు:

రాత్రుళ్లు దీపాలు ఆర్పమనేవారా? కిటికీలకు ఏం అంటించేవారు? కాకినాడ నుంచి గానీ విశాఖ నుంచి గానీ చుట్టాలు పిల్లాజెల్లాతో వచ్చి మీ ఇంట్లో ఉన్నారా, ఎన్నాళ్లు? రన్‌వే పనికి కూలికి వెళ్లినవాళ్లు మన ఊళ్లో ఎవరు? రోజుకు ఎంత ఇచ్చేవారు? ఎవరి పొలాలు పోయాయి? విమానం మొదటిసారి ఎక్కడ చూశారు, చేలోనా ఇంటి దగ్గరా?

ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ముందు అనుమతి అడగండి. భోజనమయ్యాక కాదు, అప్పుడు నిద్రొస్తుంది. సాయంత్రం కాఫీ వేళ మంచిది. చెప్పిన తేదీలు అటూ ఇటూ కావచ్చు, దిద్దకండి. వాళ్లకు తేదీలు గుర్తుండవు గానీ ఆ ఏడు ఏ పంట చేలో ఉందో గుర్తుంటుంది.

మ్యాపులో రన్‌వేను వెతకడం

గూగుల్ మ్యాప్స్‌లో ఉపగ్రహ చిత్రం పెట్టి తాడేపల్లిగూడెం తెరవండి. కడకట్ల వైపు, నిట్ క్యాంపస్ ఉన్న చోటుకు రండి. డెల్టా అంతా ఎటు చూసినా వంకర గీతలే: కాలవలు, గట్లు, పాత దారులు. వాటి మధ్య ఎవడో స్కేలు పెట్టి గీసినట్టున్న సూటి గీత కనిపిస్తే అదే మీరు వెతికేది. యుద్ధం నాటి ఎయిర్‌ఫీల్డులు ఎక్కడున్నా ఇలాగే దొరుకుతాయి. చుట్టూ ఊరు పెరిగిపోయినా, సగం చెరిగిపోయినా, ఆ గీత తిన్నదనం మాత్రం పైనుంచి దాగదు.

ఇప్పుడు అలాగే మధురపూడి తెరవండి. రాజమండ్రి విమానాశ్రయం రన్‌వే రెండు చివర్లలో పెద్ద అంకెలు రాసి ఉంటాయి: 05, 23. అవి దిక్సూచి డిగ్రీలు. చివర సున్నా వదిలేస్తారు. 05 అంటే 50 డిగ్రీలు, దాదాపు ఈశాన్యం. 23 అంటే 230 డిగ్రీలు, దాదాపు నైరుతి. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగానే లేవాలనీ దిగాలనీ చూస్తుంది, రెక్క మీద గాలి ఎంత ఎక్కువ పారితే అంత తక్కువ దూరంలో లేస్తుంది. జూన్ నుంచి మన దగ్గర గాలి ఎటునుంచి వస్తుందో రైతుకు చెప్పక్కర్లేదు. ఆ రన్‌వే నైరుతికి ముఖం పెట్టి ఎందుకు పడుకుందో పిల్లల చేతే చెప్పించండి.

గూడెం గీత ఏ దిక్కుకు ఉందో ఫోన్‌లోని దిక్సూచితో మీరే కొలవండి. అక్కడ నిలబడినప్పుడు సరిచూసుకోవచ్చు.

మొదటి రోజు: గూడెం

కార్తీకం నుంచి మాఘం దాకా ఏ రోజైనా హాయి. రోహిణి కార్తెలో మాత్రం వద్దు, ఆ తెరిపి నేల మీద నీడన్నది ఉండదు. వానాకాలంలో పక్కన తుప్పలు పెరిగి పాముల భయం. బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. ఉదయం ఆరున్నరకల్లా అక్కడుండేలా చూసుకోండి. మెయిన్ లైన్ మీద చాలా బళ్లు గూడెంలో ఆగుతాయి, స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లొచ్చు. నరసాపురం, భీమవరం, తణుకు వైపు వాళ్లు నిడదవోలు మీదుగా రైల్లో వచ్చినా బస్సులో వచ్చినా ఒకటే. కోనసీమ వాళ్లకు రైలు లేదు కాబట్టి రావులపాలెం మీదుగా బస్సే.

ఒక మాట ముందే చెప్పాలి. ఆ ఎయిర్‌ఫీల్డ్ భూముల్లో కొంత ఇప్పుడు నిట్ క్యాంపస్. ప్రహరీ లోపలికి అనుమతి లేకుండా వెళ్లే ప్రయత్నం చేయకండి, గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదన పెట్టుకోకండి. బయట జనం మామూలుగా తిరిగే భాగంలో చూసింది చాలు. అక్కడ టికెట్ ఉండదు, గైడ్ ఉండడు. కాబట్టి మీ మ్యూజియం మీరే తయారు చేసుకోవాలి.

మొదటి పని, వెడల్పు కొలవడం. అప్పటి బ్రిటిష్ ప్రమాణం ప్రకారం పెద్ద బాంబర్లు దిగే రన్‌వే 2000 గజాల పొడవు, 50 గజాల వెడల్పు. అంటే సుమారు 1830 మీటర్లు, 46 మీటర్లు. పెద్దవాళ్ల మామూలు అడుగు ముప్పావు మీటరు ఉంటుంది. అడ్డంగా నడిస్తే అరవై అడుగులు, నిలువుగా నడిస్తే రెండువేల నాలుగొందల పైచిలుకు. గూడెంలో అంచు స్పష్టంగా తెలిసే చోటు ఎంచుకుని అడ్డంగా నడిచి లెక్కపెట్టండి. అంచులు తుప్పల్లో కలిసిపోయిన చోట లెక్క తగ్గుతుంది. అరవైకి ఎంత దగ్గరగా వస్తుందో చూడటమే సరదా. పక్కనున్న రెండు వరసల తారు రోడ్డు ఏడు మీటర్లు. అలాంటి రోడ్లు ఆరు పక్కపక్కన పెట్టినంత వెడల్పున్నమాట.

ఈ అరవై అడుగులు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. విశాఖలో పనికొస్తుంది.

రెండో పని, పొడవు. ఒక చివర ఒకరు నిలబడండి, ఇంకొకరు వీలైనంత దూరం నడిచి చేయి ఊపండి. మనిషి చుక్కై, చుక్క కూడా కనిపించకుండా పోయే దూరం అది. నాలుగు ఇంజిన్ల లిబరేటర్ లాంటి బాంబర్ నిండా పెట్రోలూ బాంబులూ వేసుకుంటే దాదాపు 29 టన్నులు. అంత బరువు గాల్లోకి లేవాలంటే ఆ దూరం కావాలి. ఎవరు ఎంత దూరం వెళ్లారో మ్యాపులో చూసుకోవచ్చు.

మూడో పని, కూర్చుని నేల చూడటం. పై పొర లేచిపోయిన చోట వంగి చూడండి. కింద కంకర పొరలు కనిపిస్తాయి, పెద్ద రాయి కింద, చిన్న రాయి పైన. నడిమి నుంచి అంచుకు కొంచెం వాలు ఉంటుంది, వాన నీళ్లు నిలవకుండా. నీళ్ల సీసాలోంచి మూతెడు నీళ్లు నడుమ పోసి ఎటు పారతాయో చూడండి, పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం లేదు. రాయి ముక్క జ్ఞాపకంగా తీసుకుపోదామనిపిస్తుంది. వద్దు. తుప్పు పట్టిన గొట్టం లాంటి లోహపు వస్తువు ఏదైనా కనిపిస్తే అసలే ముట్టుకోవద్దు, దూరం జరిగి 112కి ఫోన్ చేయండి. యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డ్ ఎక్కడైనా ఈ జాగ్రత్త తప్పదు.

నాలుగో పని, మట్టి. ఇదే నాకు అన్నిటికంటే ఇష్టం. డెల్టాలో ఇంత చదునైన నేల ఉండగా ఎయిర్‌ఫీల్డ్ నడిబొడ్డున భీమవరంలోనో పాలకొల్లులోనో ఎందుకు వేయలేదు? గూడెం దగ్గర నల్లరేగడి ఆగి మెట్ట మొదలవుతుంది. కాస్త అవతల వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది మెట్ట పంటల నేల మీదే. నల్లరేగడి వానలకు ఉబ్బుతుంది, వేసవికి చెయ్యి పట్టేంత పగుళ్లు తీస్తుంది. దాని మీద టన్నుల బరువు గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగంతో దిగితే రన్‌వే ఎన్నాళ్లుంటుంది? పైగా ఏడాదిలో సగం రోజులు చుట్టూ కాలవ నీళ్లే. డెల్టా వరిచేల నుంచి ఒక పిడికెడు, ఇక్కడి నుంచి ఒక పిడికెడు మట్టి తీసుకుని తడిపి చేతిలో పిసికితే తేడా వేళ్లకే తెలిసిపోతుంది. మధురపూడి కూడా రాజమండ్రికి ఎగువన మెట్ట మీదే ఉంది, చూడండి.

ఇక్కడ డ్రోన్ ఎగరేయకండి. నిబంధనల గొడవ అలా ఉంచితే, విద్యాసంస్థ మీదుగా ఎగరేస్తే పోలీసులు అడగకుండా ఉండరు.

తొమ్మిదింటికి పని అయిపోతుంది. టిఫిన్ స్టేషన్ దగ్గర చేయండి. ఉల్లిపాయల మార్కెట్ ఊరు కదా, ఉల్లి పెసరట్టు అడగండి.

మధురపూడి, కాకినాడ: వీలుంటేనే

మధురపూడి పనిచేసే విమానాశ్రయం. ప్రత్యేకంగా చూడటానికి వెళ్లాల్సిన పని లేదు, రన్‌వే ఇప్పుడు 3 కిలోమీటర్లు దాటించి పొడిగించారు, పాత రూపు కనిపించదు. ఎప్పుడైనా అక్కణ్నుంచి విమానం ఎక్కితే కిటికీ సీటు తీసుకోండి, చాలు.

కాకినాడ సంగతి వేరు. 1942లో బాంబులు పడిన ఊరు అది. నేవీలో రిటైరైన టీయూ-142 విమానాల్లో ఒకటి ఇప్పుడు కాకినాడ బీచ్‌కూ చేరింది. లోపలికి వదిలే రోజులూ వేళలూ ముందే కనుక్కుని వెళ్లండి. కోనసీమ, కాకినాడ వాళ్లకు విశాఖ దాకా వెళ్లే తీరిక లేకపోతే కింద చెప్పబోయే బయటి పరిశీలన ఇక్కడే చేయొచ్చు. వచ్చేటప్పుడు గొట్టం కాజా ఎలాగూ కొంటారు.

రెండో రోజు: విశాఖ

సోమవారం పెట్టుకోకండి, మ్యూజియాలకు సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా తెరిచి ఉంటాయి, ఆదివారం పొద్దున్న కూడా తెరుస్తారు గానీ ఆ రద్దీలో ఏమీ చూడలేరు. వేళలు మారుతుంటాయి, ముందురోజు ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే విజయవాడలో బయలుదేరి ఏలూరు, గూడెం, రాజమండ్రి మీదుగా మధ్యాహ్నానికి విశాఖ చేరుస్తుంది. భోజనం చేసి ఆటోలో ఆర్కే బీచ్‌కు వెళ్లేసరికి మ్యూజియం తెరిచే వేళవుతుంది. దీనికంటే కుదురైన బండి నాకు కనిపించలేదు.

బీచ్‌రోడ్డుకు ఒక పక్క ఇసుకలో ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి, ఎదురుగా టీయూ-142. చాలామంది విమానం ముందు చూస్తారు. నేను తిరగేసి చెబుతాను: ముందు జలాంతర్గామి. దాక్కునేది ఎలా దాక్కుంటుందో తెలిశాక, దాన్ని వెతికే విమానం ఎక్కితే ప్రతి పరికరానికీ అర్థం వస్తుంది.

కుర్సురా 1969 డిసెంబర్ 18న నేవీలో చేరి 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. 2002 నుంచి మ్యూజియం. 91 మీటర్ల పొడవు, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తుకోవాలి. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి కంతల్లోంచి దూరాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, ఇరుకంటే భయమున్నవాళ్లు బయట నుంచి చూసి ఆగిపోవడం నయం, ఒకసారి లోపలికి వెళ్తే జనం వెనక నుంచి తోస్తుంటారు. లోపల నేవీలో పనిచేసి రిటైరైన గైడ్లు ఉంటారు. వాళ్లు రోజూ చెప్పే పాఠం అయిపోయాక ఒకటే ప్రశ్న అడగండి: "నీళ్లలో ఉన్నప్పుడు మీకు దేనికి భయమేసేదండీ?" అక్కణ్నుంచి మాటలు వేరేలా సాగుతాయి.

ఇప్పుడు రోడ్డు దాటండి. లోపలికి పరిగెత్తకండి. విమానం చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణ చేయండి.

*రెక్కలు.* ఒక రెక్క కొస నుంచి ఇంకో రెక్క కొసకు 50 మీటర్లు. గూడెంలో రాసుకున్న లెక్క తీయండి. 50 గజాల రన్‌వే అంటే 46 మీటర్లు. ఈ విమానాన్ని అలాంటి రన్‌వే నడుమ నిలబెడితే రెండు రెక్కల కొసలూ అంచు దాటి తుప్పల మీదికి వస్తాయి. 1942 నాటి లిబరేటర్ రెక్కల వెడల్పు 33 మీటర్ల పైచిలుకు, అది హాయిగా పట్టేది. ఇక బరువు. టీయూ-142 నిండుగా నింపితే 185 టన్నులు, లిబరేటర్లు ఆరు కలిపినంత. అందుకే ఇది గూడెం లాంటి చోట దిగేది కాదు. దీని ఇల్లు తమిళనాడులోని అరక్కోణం, ఐఎన్‌ఎస్ రాజాలి అనే నేవీ విమాన స్థావరం, 4 కిలోమీటర్లు దాటిన రన్‌వే. అరక్కోణం కూడా మొదట రెండో ప్రపంచ యుద్ధంలో వేసిన ఎయిర్‌ఫీల్డే. అక్కడ రన్‌వే విమానంతో పాటు పెరిగింది, గూడెంలో పెరగలేదు. తేడా అంతే.

*ప్రొపెల్లర్లు.* ఇంజిన్లు నాలుగు, ఒక్కో ఇంజిన్‌కు ఎనిమిది ఆకులు. దగ్గరికెళ్లి చూస్తే నాలుగేసి ఆకుల చక్రాలు రెండు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయని తెలుస్తుంది. ముందుది ఒకవైపు తిరిగితే వెనకది రెండోవైపు తిరుగుతుంది. ఒక్కో ఇంజిన్ దాదాపు 15 వేల హార్స్‌పవర్. అంత బలాన్ని ఒకే చక్రానికి ఇస్తే ఆకులు మరీ పొడవు కావాలి, పైగా విమానాన్నే పక్కకు తిప్పేస్తుంది. ఎదురెదురుగా తిప్పితే ఆ మెలి ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. ఆకుల కొసలు శబ్దవేగాన్ని దాటేవి, అందుకే దీని మోత అంత భయంకరం. ప్రొపెల్లర్ విమానమై ఉండి జెట్‌తో పోటీపడి గంటకు 900 కిలోమీటర్లు దాటేది. రెక్కలు వెనక్కి వాలి ఉన్నది అందుకే.

*తోక.* వెనక్కి వెళ్లి తల పైకెత్తండి. తోక చివర గాజు కిటికీలున్న చిన్న గది, దాని కింద 23 మిల్లీమీటర్ల జంట తుపాకులు. ఒక మనిషి వెనక్కి తిరిగి కూర్చుని పది గంటలు దాటిన ప్రయాణం అలాగే చేసేవాడు. నేనైతే ఆ సీటును చూస్తూ చాలాసేపు నిలబడతాను, పక్కవాళ్లు విసుక్కున్నా సరే.

ఇప్పుడు లోపలికి. ఆడియో గైడ్ దొరికితే వదలకండి. బయట అంత పెద్ద విమానం లోపల ఇంత ఇరుకా అనిపిస్తుంది. స్థలమంతా పెట్రోలుకే, పరికరాలకే. మనిషికి మిగిలింది సీటు, నడవడానికి సన్నటి దారి. కిటికీలు ఎన్ని ఉన్నాయో చూడండి. సముద్రాన్ని వెతికే విమానమే అయినా ఇందులో చాలామంది పని కిటికీలోంచి చూడటం కాదు, తెరల ముందు కూర్చుని వినడం.

వినడం ఎలాగో తెలియాలంటే ప్రదర్శన గదిలో సోనోబాయ్‌లు వెతకండి. చూడటానికి లావుపాటి గొట్టాలు, ఎవరూ ఆగరు వాటి దగ్గర. అసలు కథ వాటిదే. విమానం వీటిని సముద్రంలోకి జారవిడుస్తుంది, చిన్న పారాచూట్‌తో దిగుతాయి. నీళ్లు తగలగానే మైకు లాంటి పరికరం తీగతో లోతుకు దిగుతుంది, పైన తేలే భాగం అది విన్నదాన్ని రేడియోలో విమానానికి పంపుతుంది. మూడు నాలుగు చోట్ల వేస్తే, ఏ గొట్టానికి శబ్దం ఎంత గట్టిగా వినిపించిందో పోల్చి జలాంతర్గామి ఎక్కడుందో పట్టుకుంటారు. పది నిమిషాల కిందట మీరు దూరి వచ్చిన కుర్సురా ఇంజిన్ గదిని గుర్తు చేసుకోండి. ఆ మోత నీళ్లలోకి పాకకుండా ఆపడానికి వాళ్లు పడ్డ తంటాలన్నీ ఈ గొట్టాల భయంతోనే.

1988లో ఇలాంటి విమానాలు 8 సోవియట్ యూనియన్ నుంచి మన నేవీకి వచ్చాయి. మొదట గోవాలో ఉండి 1992లో అరక్కోణం మారాయి. 1988లోనే మాల్దీవుల్లో తిరుగుబాటును అణచడానికి మన సైన్యం వెళ్లినప్పుడు గస్తీ తిరిగాయి. 29 ఏళ్లపాటు ప్రమాదం లేకుండా ఎగిరి 2017 మార్చి 29న రిటైరయ్యాయి. విశాఖకు ఈ విమానం తనంతట తానే ఎగిరి వచ్చింది. దిగాక ముక్కలుగా విప్పి బీచ్‌కు తెచ్చి మళ్లీ బిగించారు. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకమని పిల్లలకు పందెం పెట్టండి.

ఓపిక ఉంటే పక్కనే సీ హారియర్ కూడా చూడండి. విమానవాహక నౌక ఐఎన్‌ఎస్ విరాట్ మీద ఉండేది, కొద్దిపాటి పరుగుతో లేచి నిట్టనిలువునా దిగేది. దాని పొట్ట పక్కల ఉన్న నాలుగు గొట్టాల మూతులు కిందికి తిరుగుతాయి, గుట్టంతా అక్కడే. గూడెంలో రెండున్నరవేల అడుగులు నడిచిన కాళ్లకు ఈ విమానం గొప్ప వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు, పిల్లలు, పెద్దలు

ఖర్చులో పెద్ద భాగం రైలు, భోజనం. మ్యూజియం టికెట్లు మామూలు కుటుంబం భరించేంతే, బీచ్‌రోడ్డులోని మ్యూజియాలన్నిటికీ కలిపి టికెట్ ఉందేమో కౌంటర్‌లో అడగండి. ఆరేళ్లలోపు పిల్లలకు జలాంతర్గామి మానేసి విమానం ఒక్కటే చూపించండి. పెద్దవాళ్లను రెండో రోజు తీసుకెళ్లడం మేలు, గూడెం నడక వాళ్లకు కష్టం. కానీ గూడెంలో ఫోన్‌తో తీసిన వీడియో వాళ్లకు రైల్లో చూపించండి, మాటలు అప్పుడు మొదలవుతాయి. తిరుగు ప్రయాణానికి విజయవాడ వైపు రాత్రి బళ్లకు కొదవ లేదు గానీ రిజర్వేషన్ ముందే చేయించుకోండి, లేకపోతే టెన్షన్.

రెండూ ఒకేచోట కావాలంటే

ఈ రెండు రోజుల తర్వాత పిల్లలకు పిచ్చి పట్టిందనుకోండి, తర్వాతి సెలవులకు ఢిల్లీ. పాలం యుద్ధకాలంలో బ్రిటిష్ వాళ్ల ఎయిర్‌ఫీల్డ్. అక్కడే 1967లో పెట్టిన వైమానిక దళ మ్యూజియం ఉంది. విశాఖ నుంచి వచ్చే ఏపీ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో ఆగుతుంది. విమానం కుదిరితే మధురపూడిలో ఎక్కొచ్చు, ప్రయాణమే పాఠమవుతుంది.

పాలంలో మీరు వెతకాల్సింది 1942 నాటి విమానాలు: హరికేన్, స్పిట్‌ఫైర్, లైసాండర్. బర్మా పోరాటంలో మన స్క్వాడ్రన్లు నడిపిన రకాలు ఇవే. గూడెంలో లెక్కవేసిన లిబరేటర్ కూడా అక్కడ నిజంగా నిలబడి ఉంటుంది. యుద్ధమయ్యాక కాన్పూర్‌లో తుక్కుగా వదిలేసి వెళ్లిన లిబరేటర్లను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు బాగుచేశారు, మన వైమానిక దళం వాటిని 1968 చివరిదాకా ఎగరేసింది. ప్రపంచంలో ఆఖరున వాటిని నడిపినవాళ్లు మనవాళ్లే.

ఆ వరసలోనే ఓకా అనే చిన్న జపాన్ విమానం ఉంటుంది, చాలామంది బొమ్మనుకుని దాటిపోతారు. ఆత్మాహుతి దాడులకు చేసినది. బాంబర్ పొట్ట కింద తగిలించి తీసుకెళ్లి గాల్లో వదిలేవాళ్లు. పిల్లలను దాని ముందు ఆపి, కింద ఏమి లేదో చెప్పమనండి. చక్రాలు లేవు. లేవడానికి రన్‌వే అక్కర్లేదు, దిగే పనే లేదు. వారంలో మ్యూజియం ఏయే రోజులు మూస్తారో చూసుకుని టికెట్లు చేయించుకోండి.